ఊరికే వచ్చిందిగా!

“ఊరికే” అనే మాటని నిఘంటువులోంచి పీకి పారేసే అధికారమే నాకుంటే, మొన్న భోగిమంటలోనే వేసేద్దును.

ఏం జరిగిందంటే, మా మరిది పండక్కి పిల్లాపాపలతో బెంగుళూరు నించి వచ్చాడు. భోగినాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మగవాళ్ళు హాల్లో చాపలు పరుచుకుని నడుం వాల్చారు. నేనూ మా తోడికోడలూ వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్నాం. మావాడు తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఆట ఆడుకుంటున్నాడు. వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఆ కంప్యూటరు ఎక్కడో ఆఫీసులో పాతబడిపోయిందని అమ్మేస్తుంటే మావారు 6,000 రూపాయలకి తెచ్చింది. అందులో వాడే లినక్స్ వేసుకున్నాడు. లినక్సూ ఊరికే దొరికేదే, ఆ ఆటా ఊరికే దొరికేదే. ఆట పేరు జోనోటిక్. (ఇంగ్లీషులో ఎక్స్ అక్షరంతో మొదలవుతుంది. పలకడం మాత్రం ఇలాగేనట.)

మా మరిది నిద్ర పట్టక లేచి వెళ్ళి, వాడి భుజం మీంచి తెరలోకి తొంగిచూశాడు. తన కొడుక్కి పుట్టినరోజుకని 50,000 పోసి ఆటలపెట్టె కొనిచ్చిన మనిషి అతను. “ఏవిట్రా ఈ గోడలూ, ఈ బొమ్మలూ! మావాడి ఆటలో మొహం మీద చెమటచుక్క కూడా కనిపిస్తుంది తెలుసా!” అన్నాడు. అని ఊరుకోలేదు. వెనక్కి తిరుగుతూ, “పోన్లే, ఊరికే వచ్చిందిగా. ఇంతకన్నా ఏముంటుంది” అన్నాడు.

మావాడు ఏమీ అనలేదు. వాడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను చేతిలో గిన్నెని గట్టు మీద కాస్త గట్టిగానే పెట్టాను.

“నీకెందుకు మధ్యలో? తుపాకుల ఆటలంటే నీకే గిట్టదుగా” అన్నారు మావారు, కళ్ళు తెరవకుండానే.

ఆ మాట నిజం. ఇది చదువుతున్న మీలో చాలామందికీ అదే అనుమానం వచ్చి ఉంటుంది. ముందు అది తేల్చేస్తాను. కాల్చుకునే ఆటలు నాకిష్టం లేదు. “అమ్మా, ఇందులో ఉన్నది ఏ దేశపు యుద్ధమూ కాదు. కవచాలు తొడుక్కున్న ఆకారాలు గెంతుతూ ఒకదాన్నొకటి పేల్చుకుంటాయి. చచ్చినవాడు రెండు క్షణాల్లో లేచొచ్చేస్తాడు” అని వాడు సర్దిచెప్పబోయాడు. అయినా ఇష్టం లేదు. కానీ నాకు ఇష్టంలేని పెళ్ళికి వెళ్ళినా వంట బాగుంటే బాగుందనే అంటాను. వంటవాణ్ణి ఎవరైనా చులకన చేస్తే మాత్రం విస్తరి ముందు నించి లేచి అడుగుతాను. ఇప్పుడు చేస్తున్నదీ అదే.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలకి పదో తరగతిలోనే దణ్ణం పెట్టేశాను. అంచేత నాకర్థమైన పద్ధతిలోనే చెబుతాను, తెలిసినవాళ్ళు నవ్వుకోండి.

తెర మీద కనిపించే ప్రతి గోడా, ప్రతి ఆకారమూ నిజానికి బోలెడన్ని త్రికోణాల కూర్పు. ఆ త్రికోణాల మీద బట్ట అతికినట్టు ఒక బొమ్మని అతుకుతారు. ఇటుకలైతే ఇటుకల బొమ్మ, ఇనుపరేకైతే రేకు బొమ్మ. దాన్ని టెక్స్‌చర్ అంటారు. అంతటితో ఊరుకుంటే గోడ అట్టపెట్టెకి రంగుకాగితం చుట్టినట్టుంటుంది. అందుకని ఇంకో బొమ్మ తయారుచేస్తారు. అది మన కంటికి కనిపించేది కాదు. గోడ మీద ఏ చుక్క ఏ వైపుకి తిరిగినట్టు నటించాలో అందులో రాసి ఉంటుంది. దీపం పక్కనించి పడగానే, నున్నటి గోడ మీద లేని గతుకులు లేచి నిలబడతాయి. దీని పేరు నార్మల్ మ్యాప్. సురభివాళ్ళు తెర మీద రంగులతోనే రాజభవనం స్తంభాలు లేపేవారు చూశారా, అలాంటి మాయే. కాకపోతే ఇక్కడ దీపం కదిలితే గతుకుల నీడలు కూడా మారతాయి.

వెలుతురు సంగతి నాకు మరీ నచ్చింది. వెలుతురుని రెండు రకాలుగా చెయ్యొచ్చు. ఒకటి, ముందురోజు రాత్రి పిండి రుబ్బి పెట్టుకున్నట్టు, ఆట తయారుచేసేటప్పుడే ఏ గోడ మీద ఎంత వెలుగు, ఏ మూల ఎంత నీడ అని లెక్కగట్టి ఉంచేసుకోవడం. ఆడేటప్పుడు శ్రమ ఉండదు. రెండోది, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పెనం మీద దోసె పోసివ్వడం. పేలిన ప్రతి గుండు వెలుగునీ, కదిలిన ప్రతి నీడనీ అప్పటికప్పుడు లెక్కగట్టి చూపించడం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ పొయ్యి దగ్గర నించునేవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. కంప్యూటర్లో ఆ నించునే ప్రాణి పేరు గ్రాఫిక్స్ కార్డు. జోనోటిక్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. మావాడి కార్డు ముసలిది కనక ముందురోజు పిండితోనే సరిపెట్టుకుంటున్నాడు. ఆ మాట మా మరిదికి తెలీదు. ముసలి పెనం మీద దోసె చూసి, మొత్తం హోటలుకే తీర్పు చెప్పేశాడు!

“ఇవన్నీ ఎవరు చేశార్రా?” అని అడిగాను.

“ఎవరెవరో. తలా కొంచెం.”

“జీతం?”

“లేదమ్మా.”

ఇహ నాకు నిద్ర పట్టలేదు. నాలుగు రాత్రులు వాడి చేత చదివించుకుని, నేను చదివి, తెలుసుకున్నాను.

1996లో అమెరికాలో ఐడీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ క్వేక్ అనే ఆట తెచ్చింది. 1999లో దాని కోడ్‌ని, అంటే ఆట నడిచే విధానమంతా రాసిన రాతని, లోకానికి వదిలేసింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. పంచుకునేటప్పుడు పుచ్చుకున్నవాళ్ళకి కూడా అదే హక్కు ఇవ్వాలి. అదే ముఖ్యమైన షరతు. దాన్ని జీపీఎల్ అంటారు. ఆ పాత రాతనే పట్టుకుని, ముఖ్యంగా ఒక్క మనిషి చేతి మీదుగా, ఏళ్ళ తరబడి మారుతూ వచ్చిన ఇంజను పేరు డార్క్‌ప్లేసెస్. నేను చెప్పిన ఆ దీపాలూ, నీడలూ, లేని గతుకులూ తెచ్చిపెట్టింది అదే. ఇప్పటి జోనోటిక్ నడిచేది దాని మీదే. అంటే తాతలనాటి ఇంటికే కొత్త గదులు దించారన్నమాట.

ఇక్కడొక తిరకాసుంది. మా మరిదిలాంటివాళ్ళు వినవలసింది ఇదే. కంపెనీ వదిలింది కోడ్‌నే. బొమ్మలు వదల్లేదు. గోడల బొమ్మలూ, ఆకారాలూ, చప్పుళ్ళూ అన్నీ కంపెనీ సొత్తే. 2005లో క్వేక్ 3 కోడ్‌ని వదిలినప్పుడూ అంతే. దాన్ని పట్టుకుని ఓపెన్ అరీనా అనే ఆట మొదలుపెట్టినవాళ్ళు ప్రతి గోడా, ప్రతి మొహమూ, ప్రతి తుపాకీ మళ్ళీ తామే గీసుకోవాల్సొచ్చింది. పొయ్యి ఇచ్చి, సరుకులు మాత్రం నువ్వే తెచ్చుకోమన్నట్టు! పెద్ద కంపెనీల్లో ఈ సరుకుల పనికి వందలమంది చిత్రకారులు నెలజీతాల మీద కూర్చుంటారు. ఇక్కడ ఎవరో ఒకరు పగలంతా తన ఉద్యోగం చేసుకుని, రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని ఒక తలుపు గీస్తారు. ఇంకో దేశంలో ఇంకొకరు ఆ తలుపుకి గడియ గీస్తారు. అందుకే కొన్నిచోట్ల అతుకులు కనిపిస్తాయి. ఈ గది చేతివాటం ఒకరిది, ఆ గది చేతివాటం ఇంకొకరిది అని నాకే తెలిసిపోయింది. కనిపిస్తాయి, కాదనను. నలుగురు కుట్టిన బొంతకి అతుకులు కనిపించవూ?

బొమ్మలొక్కటే చాలవు. ఆటకీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య దుబాసీలా మాట్లాడే సరంజామా ఒకటి కావాలి. లినక్స్‌లో ఆ పని ఎక్కువగా మెసా అనేది చేస్తుంది. 1993లో ఒక ప్రోగ్రామరు తీరిక వేళల్లో మొదలుపెట్టిన పని అది. కొన్ని కార్డుల కంపెనీలు చాలాకాలం తమ కార్డు లోపలి గుట్టు బయటపెట్టలేదు. 2007లో ఏఎండీ కంపెనీ తన కార్డుల వివరాలు చెప్పడం మొదలుపెట్టింది. చెప్పనివాళ్ళ కార్డుల్ని ఏం చేశారంటే, లోపలికి ఏం వెళుతోందో, బయటికి ఏం వస్తోందో గమనించి గమనించి గుట్టు పట్టేశారు. కిటికీ సందులోంచి పక్కింటి పులిహోర పోపు కనిపెట్టినట్టు! చెప్పొద్దూ, ఇది చదివినప్పుడు వాళ్ళ మీద నాకు ఆడపడుచుల మీద కలగనంత అభిమానం కలిగింది.

ఇహ అసలు కథ. ఇది తెలిశాకే నేను కలం పట్టింది.

జోనోటిక్‌కి ముందు ఆ ఆటకి ఇంకో పేరుండేది. నెక్సూయిజ్. ఏలియన్‌ట్రాప్ అనే చిన్న బృందం 2005లో విడుదల చేసింది. డబ్బు పుచ్చుకోకుండా, జీపీఎల్ షరతు మీదే. ఆ తర్వాత ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చేతులు కలిపారు. రంగస్థలాలు కట్టినవాళ్ళు, ఆకారాలు చెక్కినవాళ్ళు, తప్పులు ఏరినవాళ్ళు. 2010 మార్చిలో ఒక కబురు బయటికొచ్చింది. నెక్సూయిజ్ అనే పేరుని ఇల్‌ఫోనిక్ అనే కంపెనీకి ఇచ్చేశారు. వాళ్ళు అదే పేరుతో ఆటలపెట్టెలకి కొత్త ఆట చేసి అమ్ముకుంటారు.

చేతులు కలిపినవాళ్ళకి కడుపు మండిందంటే మండదూ? చట్టం ప్రకారం తప్పేం లేదంటారు. పేరు మొదలుపెట్టినవాళ్ళదే, ఇచ్చుకున్నారు. ఇంటి దస్తావేజు ఒకరి పేరనే ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళు ఆ ఇంటికి సున్నం వేసి, గుమ్మాలకి పసుపు రాసి, నాలుగు చినుకులు పడితే చాలు కారే చోట్ల గిన్నెలు పెట్టినవాళ్ళ పేరు దస్తావేజులో ఉండదు. అమ్మేటప్పుడు వాళ్ళని అడగాలని చట్టం చెప్పదు. చట్టానికి తప్పు కనిపించకపోతే మానె. నాకు కనిపిస్తోంది.

అయితే ఈ కథలో ఆ చేతులు కలిపినవాళ్ళు ఏం చేశారో చూడండి. మూల కూర్చుని ఏడవలేదు. పేరొక్కటి అక్కడే వదిలేసి మిగతాదంతా మూటగట్టుకుని బయటికొచ్చేశారు. జీపీఎల్ షరతు ఆ పని చెయ్యనిచ్చింది. ఇల్లు వదిలి వెళ్ళిపోయే ఆడదానికి పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి బిందె దక్కించుకోవడమే గగనమైన రోజులు మనకి తెలుసు. వీళ్ళు బిందె కాదు, ఇల్లే మోసుకెళ్ళారు! 2010 డిసెంబరుకల్లా జోనోటిక్ అని కొత్త పేరు పెట్టి తొలి నమూనా విడుదల చేశారు. ఊరికే పేరు మార్చడం కూడా కాదు. ఆకారాలు, ఆయుధాలు, ఆట జరిగే స్థలాలు చాలావరకు కొత్తగా చేశారు.

అటు అమ్ముడుపోయిన పేరుతో వచ్చిన ఆట 2012లో విడుదలైంది. క్రైఇంజిన్ 3 అనే ఖరీదైన ఇంజను మీద కట్టారు. దాని బొమ్మలు చూశాను. అబద్ధమెందుకు, కళ్ళు చెదిరిపోయాయి. దాన్ని ప్రచురించిన టీహెచ్‌క్యూ కంపెనీ ఆ ఏడాది డిసెంబరులోనే దివాలా పిటిషను పెట్టింది. ఇటు ఊరికే చేసినవాళ్ళు చేస్తూనే ఉన్నారు. 2023 జూన్‌లో వచ్చిన దాని నంబరు 0.8.6. పన్నెండేళ్ళు దాటినా ఒకటో నంబరు పెట్టుకోలేదు! “ఇంకా పూర్తవలేదట” అన్నాడు మావాడు. మా అమ్మ కూడా అంతే. వంటంతా అయిపోయి అందరూ పీటల మీద కూర్చున్నా, “ఇంకా కాలేదమ్మా, చారులో పోపు వెయ్యాలి” అనేది.

మా మరిది అన్న మాట నాకు కొత్త కాదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. “మీ అమ్మగారేం చేస్తారు?” “ఏం చెయ్యదండీ, ఊరికే ఇంట్లో ఉంటుంది.” మన జనాభా లెక్కల్లో కూడా ఇంటిపని మాత్రమే చేసుకునే ఆడది పనిచెయ్యనివాళ్ళ జాబితాలోనే పడుతుంది. 2019లో ప్రభుత్వమే సమయం లెక్కలు తీసింది. జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఒకే ప్రభుత్వం, ఒక లెక్కలో పనే లేదంటుంది, ఇంకో లెక్కలో అయిదు గంటలంటుంది.

రాసేవాళ్ళకి కూడా ఈ మాట కొత్త కాదు. కొన్నాళ్ళ కిందట ఒక సంఘంవాళ్ళు సావనీరుకి కథ అడిగారు. “పారితోషికం ఏమీ ఇచ్చుకోలేమండీ, మీ అభిమానం” అన్నారు. ఇచ్చాను. అచ్చయ్యాక చూస్తే ఆఖరి పేరా లేదు! ఆ స్థానంలో చీరల దుకాణం ప్రకటన ఉంది. ఫోన్ చేసి అడిగితే ఆ కుర్రాడు ఎంత మర్యాదగా చెప్పాడనుకున్నారు, “డబ్బులేం ఇవ్వలేదు కదా మేడమ్, ఏమీ అనుకోకండి” అని. ఆ కథ చదివిన మా పక్కింటావిడ, “ముగింపు తేలిపోయిందండీ ఈసారి” అంది. ఇదీ ఊరికే మహాత్మ్యం. ముందు ఊరికే పుచ్చుకుంటారు, తర్వాత ఊరికే కదా అని పాడుచేస్తారు, ఆనక ఊరికే కనక అలాగే ఉంటుందంటారు.

ఇంగ్లీషువాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది. వాళ్ళకి ఊరికే దొరికేదీ ఫ్రీయే, స్వేచ్ఛా ఫ్రీయే. ఈ ఉద్యమం 1983లో మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆ రెండో అర్థమే తనదని చెప్పలేక చెప్పలేక చెబుతూ వచ్చారు. మనకి ఆ గొడవ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హాయిగా రెండు మాటలున్నాయి. ఉండి ఏం లాభం? మా మరిదికి మొదటిదే వినిపించింది.

అలాగని ఆ ఊళ్ళోవాళ్ళందరికీ నేను హారతి పట్టడం లేదు. బొమ్మలు ఇంకా ఇంకా మెరవాలి, పాత కంప్యూటర్ల కోసం ఎన్నాళ్ళు ఆగుతాం, అనేవాళ్ళు అన్ని ఆటల చుట్టూ ఉన్నట్టే వీటి చుట్టూ కూడా ఉంటారు. వాళ్ళతో నాకు పేచీ ఉంది. మావాడి 6,000 రూపాయల కంప్యూటర్లో జోనోటిక్ ఆడుతోందంటే, అందం ఎంత కావాలో ఎంచుకునే మెట్లు అందులో ఉన్నాయి కనకే. అన్నిటికన్నా పై మెట్టు పేరు అల్టిమేట్. కింది మెట్టు పేరు ఓఎంజీ. అంటే మన భాషలో “ఓరి దేవుడో!” అన్నమాట. ఆ మెట్టులో గోడలు నిజంగానే ఓరి దేవుడో అన్నట్టుంటాయి. కానీ ఆట ఆడుతుంది. బీద కంప్యూటరు కూడా ఆ పందిట్లో కూర్చోవచ్చు. మెరుగులు దిద్దడమంటే పై మెట్టు కట్టడమే అనుకునేవాళ్ళని నేనడిగేదొకటే. కింది మెట్టు ఊడబీకి ఆ కర్రతో పై మెట్టు కడతారా?

ఇంకో వింత చెప్పనా? బాగా ఆడేవాళ్ళలో చాలామంది ఈ అందాలన్నీ తామే తీసేసుకుంటారట. గోడలు అలికేసినట్టు మసగ్గా, ఎదుటివాడు మాత్రం దీపంలా వెలిగేటట్టు పెట్టుకుంటారు. గురి తప్పకుండా! నెలల తరబడి ఎవరో చెక్కిన గతుకులు, నీడలు ఒక్క మీటతో మాయం. ఆ చెక్కినవాళ్ళని తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంది. మావాడు మాత్రం, “అలా తీసేసుకునే వీలు పెట్టింది కూడా వాళ్ళేనమ్మా” అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. పొద్దున్నే వేసిన ముగ్గుని సైకిలు తొక్కేస్తే నేనైతే వీధిలోకొచ్చి అరుస్తాను.

కనుమ వెళ్ళిన మర్నాడు మావాడు పెరట్లో గోడకి ఫోటోలు తీస్తున్నాడు. మా మామగారి హయాంలో కట్టిన గోడ. సున్నం పెచ్చులూడి, ఇటుకలు బయటపడి, వానపడే వైపు నాచు పట్టి ఉంటుంది. “పెళ్ళిచూపులకా ఆ గోడకి?” అన్నాను. గోడ బొమ్మ తయారుచేసి వాళ్ళకి పంపిస్తాడట. తీసుకుంటారో లేదో తెలీదట. ఫోటో తీస్తే సరిపోదు. బొమ్మని పక్కపక్కన ఎన్నిసార్లు పరిచినా అంచు అంచుతో కలిసిపోయి, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియకూడదు. వారం రోజులై రాత్రిళ్ళు కూర్చుంటున్నాడు. నాచు ఉన్న అంచు ఇంకా కలవడం లేదు. మధ్యలో నన్ను పిలిచి, “అమ్మా, ఇక్కడ అతుకు కనిపిస్తోందా?” అని అడుగుతున్నాడు. కనిపిస్తోంది. ఉన్నమాట చెబుతున్నాను. మళ్ళీ మొదటికొస్తున్నాడు.

నిన్న మా మరిది ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను.

“అలాగా! దానికి వాడికెంతిస్తారట వదినా?” అన్నాడు.